పద్నాలుగో నంబరు కార్డు

డిసెంబరు 8, సోమవారం

కోడలికి బళ్లో కొత్త పని అంటగట్టారు. పిల్లలు ఖగోళం నేర్చుకోవడానికీ, టీచర్లు నేర్పడానికీ పనికొచ్చే పుస్తకాలు, వెబ్‌సైట్లు, వీడియోలు, పటాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి, మంచివి పది ఏరి జాబితా రాయాలట. జనవరి పదో తేదీన చుట్టుపక్కల అరవై బళ్ల టీచర్లు వచ్చి కూర్చుని దాన్ని ఖాయం చేస్తారు. తర్వాత అచ్చేసి అన్ని బళ్లకీ పంపుతారు.

కోడలు చదివింది చరిత్ర. చెప్పేది సైన్సు. సైన్సు టీచరు మూడు నెలల సెలవని వెళ్లి రెండేళ్లయింది. ఆ కుర్చీలో చరిత్రని కూర్చోబెట్టారు.

"అత్తయ్యా, మీరు ముప్ఫై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పారు కదా, కాస్త చూసిపెడతారా?" అంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నట్టు అడిగింది. సరేనన్నాను.

నా పుస్తకం ఊసు తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇరవై నాలుగేళ్ల కిందట అచ్చయిన "మేడెక్కి చూద్దాం" ఈ జాబితాలో ఉండాలని నాకేమీ లేదు. రాసింది నేను, పటాలు గీసింది మా ఆయన, రెండుసార్లు అచ్చయింది, ఈ చుట్టుపక్కల ప్రతి బడి బీరువాలోనూ ఒకటుంది, అంతే. ఉన్న సంగతి రాశాను, గొప్పకి కాదు.

డిసెంబరు 10

కోడలి పద్ధతి చూస్తే నవ్వొచ్చింది. దొరికిన ప్రతిదానికీ ఒక నంబరు వేస్తుంది. దాన్ని నలుగురు ఆరో తరగతి పిల్లలకీ, సైన్సు చదవని ఒక టీచరుకీ ఇస్తుంది. అందులో చెప్పినట్టల్లా వాళ్లు చేసి చూసి, ఒక కార్డు నింపాలి. కార్డు మీద మూడే ప్రశ్నలు: ఏం చెయ్యమంది? చేశారా? దొరికిందా?

"మంచీ చెడూ పిల్లలకేం తెలుస్తుందే?" అన్నాను.

"మంచిదా కాదా అని అడగట్లేదత్తయ్యా. దొరికిందా లేదా అనే అడుగుతున్నా."

"రోగిని అడిగి మందు రాసినట్టుంది."

"తగ్గిందా అని రోగినే కదత్తయ్యా అడగాలి?"

నోరు బాగానే లేస్తోంది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో లేదు. ఇక్కడే నేర్చుకుందని మా ఆయన అన్నారు. ఎవరి దగ్గరో చెప్పలేదు.

డిసెంబరు 13

ఈ వారం తొమ్మిది చూశాను. ఒక్కదాన్నీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఒకటో నంబరు రంగురంగుల వీడియో. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలమట, దూరమైతే చలికాలమట. మరి అదే రోజున భూమికి ఆ సగంలో వణుకుతున్నవాళ్ల మాటేమిటి నాయనా, వాళ్లు వేరే భూమి మీదున్నారా? లక్షమంది చూశారని కింద రాసుంది. అబద్ధానికి కాళ్లుండవంటారు. చక్రాలుంటాయి కాబోలు.

మూడోది గోడకి తగిలించే పటం. గ్రహాలన్నీ పెళ్లి ఫొటోలో చుట్టాల్లా భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. దూరాలు కొలత ప్రకారం వేయలేదన్న ముక్క ఎక్కడా లేదు. నాలుగోది వెబ్‌సైట్. చంద్రుడు పెరగడం తరగడం భూమి నీడ వల్లనట! గ్రహణానికీ చంద్రకళకీ తేడా తెలియని పెద్దమనిషి టీచర్లకి పాఠం చెబుతున్నాడు.

ఆరోది ఫోనులో పెట్టుకునేది. ఆకాశానికి గురిపెడితే నక్షత్రం పేరు చెబుతుంది. పనిచేస్తుంది, కాదనను. గడుగ్గాయి (మా మనవరాలికి నేను పెట్టిన పేరు, పెట్టిన పేరు నిలబెట్టుకుంటోంది) అరగంటసేపు మేడ మీద ఫోనునే చూసి దిగింది. "ఎలా ఉందే ఆకాశం?" అంటే "చార్జింగ్ అయిపోయింది నానమ్మా" అంది.

ఎనిమిదోది ఎక్కడో దూరదేశపు నక్షత్రశాలవాళ్లు ఉచితంగా పెట్టిన పాఠాలు. ఒక దీపం, ఒక బంతి, పిల్ల తలకాయే భూమి. బంతిని చేత్తో చాచి పట్టుకుని గిరగిరా తిరిగితే పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా బంతి మీదే కనిపిస్తుంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. రేపు మళ్లీ వెతుకుతాను.

తొమ్మిదోది ఒకే ఒక్క కాగితం. ఎవరో బడి టీచరు రాసుకున్నది. ఎండలో కర్ర పాతి, పావుగంటకోసారి నీడ కొసన రాయి పెట్టమంది. నీడ అన్నిటికంటే పొట్టిదైనప్పుడు అది ఉత్తర దక్షిణాలు చూపిస్తుందని రాసి ఊరుకుంది. కరెంటు అక్కర్లేదు, తెర అక్కర్లేదు. రాసినవాళ్ల పేరు కూడా లేదు. పేరు పెట్టుకోకుండా మంచి పని చేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం.

"ఎవరు రాశారు, ఎప్పుడు సరిదిద్దారు, నలభైమంది పిల్లలున్న గదిలో నీలాంటి చరిత్ర టీచరు చెప్పగలదా, ఈ మూడూ చూసుకో" అని కోడలికి చెప్పాను. రాసుకుంది. "నీలాంటి" అన్నది మాత్రం రాసుకోలేదు.

డిసెంబరు 16

ఒక కంపెనీ ఆయన ఇంటికే వచ్చాడు. గాలి ఊదితే గుడారం లేస్తుందట, లోపల పిల్లల్ని కూర్చోబెట్టి దీపం వేస్తే నక్షత్రాలన్నీ గుడారం కప్పు మీద పడతాయట.

"పగలే చుక్కలు చూపిస్తాం మేడం" అన్నాడు.

"మా అల్లరిపిల్లలకి నేనూ అదే చూపించేదాన్ని. గుడారం అక్కర్లేకపోయింది" అన్నాను.

నవ్వి, కాగితాలిచ్చి, "మీ కోడలుగారు చాలా ఆసక్తిగా అడిగారండీ" అని చెప్పి వెళ్లాడు. కోడలు దానికి పదిహేనో నంబరు వేసింది. పద్నాలుగు ఏమిటని అడిగాను. "మీ పుస్తకమేనత్తయ్యా, పిల్లల దగ్గరుంది" అంది. అని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మా ఆయన్ని అడిగాను, "నా పుస్తకం పరీక్షకి వెళ్లింది, విన్నారా?" అని. విని, మొక్కలకి నీళ్లు పోయడానికి లేచారు. పొద్దునే పోశారు.

ఈయనకి నా పుస్తకమంటే మొదటినుంచీ అంతే. ఎవరైనా దాని మాటెత్తితే చాలు, ఏదో పని గుర్తొస్తుంది. అసూయ అనుకుంటాను. మగవాళ్లలో పైకి కనబడదు.

డిసెంబరు 19

కోడలు పెరటి గుమ్మంలో నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. నేను ఆరిన బట్టలు తెస్తున్నాను. వినాలని కాదు, చెవులు ఇంటి దగ్గర పెట్టి వెళ్లలేను కదా.

"...ఎలా చెప్పమంటారండీ? నేను ఆ ఇంట్లోనే ఉండాలి... లేదండీ, ఇంకెవరికైనా అప్పగించండి..."

నన్ను చూసి, "సరేనండీ, రేపు సంతకం పెడతానండీ" అని ఎవరికీ సంబంధం లేని మాట ఒకటి అని ఫోను పెట్టేసింది.

అదీ సంగతి. గుడారాన్ని జాబితాలోకి ఎక్కించాలి. పది మాత్రమే ఉండాలి. అందుకని నా పుస్తకం దిగాలి. ఆ మాట నాకు ఎలా చెప్పాలో తెలియక మథనం. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటోంది.

డిసెంబరు 22

కార్డులు బల్ల మీదున్నాయి. వరసలో ఉన్నాయో లేవో చూద్దామని చూశాను. ఒకటి నుంచి ఇరవై రెండు. పద్నాలుగు లేదు.

డిసెంబరు 23

మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగు లేదు.

డిసెంబరు 24

గడుగ్గాయికి జడ వేస్తూ అడిగాను. జడ వేసేటప్పుడు పిల్లకి పారిపోవడం కుదరదు.

"నా పుస్తకం మీకే ఇచ్చిందటగా మీ అమ్మ?"

"ఊఁ."

"చూశారా?"

"చూశాం నానమ్మా. మూడు సాయంత్రాలు. బడి మేడ మీద."

"కార్డు రాశారా?"

"జుట్టు లాగుతోంది నానమ్మా."

"రాశారా అని అడుగుతున్నా."

"అమ్మ చెప్పొద్దంది" అని, చెప్పకూడనిదే చెప్పేశానని తెలిసి నాలిక కరుచుకుంది. సగం జడతోనే లేచి పోయింది.

పసిపిల్ల చేత అబద్ధాలాడిస్తోంది. నా పుస్తకం జాబితాలో లేకపోతే లేకపోయింది. నాకు కావలసింది న్యాయం.

డిసెంబరు 26

పెద్దమాస్టారు వచ్చారు. మా బడికి ఇప్పుడాయనే హెడ్మాస్టరు. నా దగ్గర ఆరో తరగతి చదివాడు, ఇప్పటికీ నా ముందు కుర్చీ అంచునే కూర్చుంటాడు.

"మీ పుస్తకమే మొదటి నంబరుగా ఉండాలని నేను ముందే చెప్పానండీ. మన బడి పేరు కదా. కానీ మీ కోడలుగారేమో ఈ జాబితా పని తనవల్ల కాదంటున్నారు. ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. కారణమడిగితే తలనొప్పంటారు. నెలంతా ఒకే తలనొప్పేమిటండీ? మీరైనా కాస్త చెప్పండి."

కోడలు లోపలి గదిలోంచి వింటూనే ఉంది. మా ఆయన పేపరు వెనకాల ఉన్నారు. పేపరు నిన్నటిది.

నా పుస్తకాన్ని పొగిడే జాబితా రాయడం కంటే జాబితానే వదులుకోవడం మేలనుకుంటోందన్నమాట! ఇంత కడుపులో పెట్టుకుందని నాకు తెలియదు. పదకొండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం.

డిసెంబరు 29

కోడలి సంచి కుర్చీలోంచి వాలిపోతుంటే సర్దాను. వెతకలేదు. సర్దాను. అడుగున అట్టకీ గుడ్డకీ మధ్య ఉంది. గడుగ్గాయి రాత.

"నంబరు 14. మేడెక్కి చూద్దాం. తొమ్మిదో పేజీ పటం.

ఏం చెయ్యమంది? తూర్పుకి తిరిగి, పటంలో తూర్పు కిందికి వచ్చేలా పట్టుకుని గొల్లకావడి వెతకమంది. పటంలో ఎర్రచుక్క ఎటు ఉందో చూసి పైన కూడా అటే వెతకమంది.

చేశారా? చేశాం. నలుగురం. మూడు రోజులు. టీచరు కూడా.

దొరికిందా? గొల్లకావడి మూడు చుక్కలూ దొరికాయి. ఎర్రచుక్క పటంలో కుడిపక్క ఉంది. పైన ఎడమపక్క ఉంది. పటంలో కుడిపక్కవన్నీ పైన ఎడమపక్కే ఉన్నాయి. ఇది మా నానమ్మ పుస్తకం. నానమ్మ తప్పులు రాయదు. కాబట్టి ఆకాశమే తప్పయి ఉండాలి. దొరికింది అని పెట్టాలా, దొరకలేదు అని పెట్టాలా?"

ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను.

డిసెంబరు 30

పిల్లలు పటాన్ని తప్పుగా పట్టుకుని ఉంటారు. ఆరో తరగతికి కుడి ఎడమలు ఇంకా కుదురుకోవు. ఆ టీచరు లెక్కలావిడ, ఆవిడ సంగతి నాకు తెలుసు.

ఇదివరకూ ఇలాంటి ఉత్తరాలు మూడు వచ్చాయి, ఈ ఇరవై నాలుగేళ్లలో. ఫైలు తీసి చూశాను. "పటాన్ని నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా పట్టుకున్నా కుదరడం లేదు మేడం, ఎలా పట్టుకోవాలో దయచేసి తెలపగలరు" అని ఒకాయన. ముగ్గురికీ ఒకటే జవాబు రాశాను, నకలు కూడా ఉంది: "ముందు తల పైకెత్తి చూడవలెను." అప్పట్లో ఆ వాక్యం నాకు బాగా నచ్చింది.

నాకు ఆ పటంతో ఎప్పుడూ పని పడలేదు. చిన్నప్పుడు మా నాన్న వేలుపెట్టి చూపించిన చుక్కలు, కళ్లు మూసుకున్నా చెబుతాను. పటం తెలియనివాళ్ల కోసం వేసింది.

డిసెంబరు 31

మేడకి ఇరవై రెండు మెట్లు. మోకాళ్లు రెండే. వెళ్లలేదు.

జనవరి 2

మబ్బుగా ఉందనుకుని వెళ్లలేదు. మబ్బు లేదని తర్వాత తెలిసింది.

జనవరి 3, శనివారం

ఏడింటికి, అందరూ టీవీ ముందున్నప్పుడు, పుస్తకం కొంగులో పెట్టుకుని మేడెక్కాను. చేతిలో టార్చి. కన్ను చెదరకుండా దాని మూతికి గడుగ్గాయి ఎర్రకాగితం చుట్టాను. అలా చుట్టాలని మూడో పేజీలో నేనే రాశాను, నేనెప్పుడూ చుట్టలేదు.

తూర్పున గొల్లకావడి నిలువుగా లేచి ఉంది. మూడు చుక్కలూ ఒకదాని మీద ఒకటి. పటంలో తూర్పు కిందికి వచ్చేలా పట్టుకున్నాను. పటంలో ఎర్రచుక్క కుడిచేతివైపు. తల పైకెత్తాను. ఎర్రచుక్క ఎడమచేతివైపు ఉంది. అది అక్కడే ఉంటుందని నాకు ఆరేళ్లప్పటినుంచీ తెలుసు. ఉత్తరానికి తిరిగి పట్టుకున్నాను. దక్షిణానికి తిరిగాను. ఎటు తిరిగినా పటం అద్దంలో ముఖంలా ఉంది. పోలిక ఉంది, కానీ పక్క మారిపోయింది.

నేల పటాన్ని బల్ల మీద పరిచి పైనుంచి చూస్తాం. ఆకాశ పటాన్ని నెత్తి మీద పట్టుకుని కిందినుంచి చూస్తాం. అందుకే ఉత్తరం పైన ఉంచితే నేల పటంలో తూర్పు కుడిచేతివైపు వస్తుంది, ఆకాశ పటంలో ఎడమచేతివైపు రావాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు తరగతిలో చెప్పాను. నా పుస్తకంలో తూర్పు కుడిచేతివైపు ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా ఆయన. నలభై ఏళ్లు భూముల కొలతల ఆఫీసులో పటాలు గీసిన మనిషి, నా చేతిలోని పటం కేసి చూడకుండా నీళ్ల ట్యాంకు కేసి చూస్తూ నిలబడ్డారు. అప్పుడే నాకు సగం తెలిసిపోయింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

"ఏది?"

"ఏది అని అడిగారంటే తెలిసిందన్నమాటే."

ట్యాంకు మూత సర్దారు. అది సరిగానే ఉంది.

"నువ్విచ్చిన ట్రేసింగ్ కాగితంలో తూర్పు ఎడమచేతివైపు ఉందోయ్. నా సర్వీసులో తూర్పు ఎడమవైపున్న పటం ఒక్కటి కూడా చూడలేదు. పాపం, తొందరలో పొరబడిందనుకున్నా. కాగితం బోర్లా తిప్పి, సిరా పెట్టి, పేర్లు రాశాను."

"నాతో ఒక్క ముక్క అనొచ్చు కదండీ!"

"నీ తప్పు నీకు చెప్పి ఆ పూట అన్నం తిన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"తర్వాతైనా?"

"అచ్చయిన ఆరేళ్లకి ఆఫీసులో ఎవరో నక్షత్ర పటం పట్టుకొచ్చారు. దాంట్లోనూ తూర్పు ఎడమవైపే. ఆ రోజే చెబుదామని ఇంటికొచ్చాను. ఉత్తమ పుస్తకమని ఇచ్చిన కాగితానికి నువ్వు ఫ్రేము కట్టించుకొచ్చావు. గోడకి మేకు కొట్టమన్నావు. కొట్టాను."

"పద్దెనిమిదేళ్లు!"

"రోజు రోజుకీ కష్టమైపోయిందోయ్" అన్నారు.

ఆయన్ని మేడ మీదే వదిలి దిగాను. దిగడానికి ఎక్కువసేపు పట్టింది.

జనవరి 4

ఈయనతో మాట్లాడలేదు.

జనవరి 5

ఈ రోజూ మాట్లాడలేదు. ఈయనకి హాయిగా ఉన్నట్టుంది. అదే బాధ.

జనవరి 6

తప్పు ఆయనదని కోడలికి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. తప్పు ఆయనదే కదా. రుజువు కోసం పాత ప్రూఫు కాగితాల కట్ట విప్పాను. అచ్చుకి ముందు ప్రెస్సువాళ్లు నాకు పంపినవి.

తొమ్మిదో పేజీ దొరికింది. నా ఎర్రసిరాతో పదకొండు దిద్దుబాట్లు. ఒక సున్నా పోయింది, పెట్టాను. ఒక ఒత్తు జారింది, ఎక్కించాను. పటంలో కూడా ఒక నక్షత్రం పేరుకి గుడి లేకపోతే గుండ్రంగా చుట్టి పెట్టాను. ఆ నక్షత్రం ఎటుపక్క ఉందో చూడలేదు. అక్షరాలే చూశాను. పేజీ అడుగున "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాను.

ఆయన తిప్పారు. నేను చూడలేదు. ఉత్తరాలు రాసినవాళ్లని వెక్కిరించాను. ఈ మూడింటిలో ఆయనది ఒకటే.

కాగితం కట్టలో పెట్టేద్దామనిపించింది. పెట్టలేదు, బయటే ఉంచాను. ఇంకా నాలుగు రోజులుంది.

జనవరి 7

కోడలు బల్ల ముందు కూర్చుని కాపీలు దిద్దుతోంది. సంచిలోంచి మళ్లీ తీసిన పద్నాలుగో కార్డు, దాని మీద ప్రూఫు కాగితం, రెండూ కోడలి ముందు పెట్టాను.

"కార్డు నీ సంచిలో... సర్దుతుంటే దొరికింది."

"తెలుసత్తయ్యా. జిప్పు మీరెప్పుడూ చివరిదాకా వేయరు."

"తెలిసీ అడగలేదేం?"

"అడిగితే చెప్పాలి కదా, మీకైనా నాకైనా."

ప్రూఫు కాగితం చూసింది. ఎర్రసిరా చూసింది. సంతకం దగ్గర ఆగింది. ఏమీ అనలేదు. ఇదే నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి తప్పుకి సంతకం పెట్టి ఉంటే నేను ఎన్ని అనేదాన్నో!

"ఎందుకు దాచావు?"

"ఏం చెయ్యమంటారత్తయ్యా? జాబితాలో పెడితే అరవై బళ్ల పిల్లలు లేని చోట వెతుకుతారు. పెట్టకపోతే పొద్దున లేస్తే మీ మొహం చూడాలి. పెద్దమాస్టారేమో మొదటి నంబరు ఇవ్వాల్సిందే అంటారు. నావల్ల కాదని చెప్పేశా."

"నువ్వు తప్పుకుంటే ఇంకొకరు కళ్లు మూసుకుని పెట్టేసేవారు."

"అదీ తెలుసు. అందుకే నిజంగానే తలనొప్పి."

"గుడారం కోసం నన్ను దింపుతున్నావనుకున్నా."

"గుడారమా?" అని నవ్వేసింది. "అందులో కూర్చుంటే ఊపిరాడలేదని పిల్లలు రాశారు. ఎప్పుడో తీసేశా."

మూడు వారాల అనుమానం! మూడు ముక్కల్లో పోయింది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, కొంచెమే.

"సైన్సు రాకుండానే ఎలా పట్టుకున్నావే?"

"చరిత్ర చదివినవాళ్లకి ఒకటే అలవాటత్తయ్యా. రాసినవాళ్ల పేరు చూసి నమ్మం."

"పదో తారీఖున ఆ కార్డు నువ్వు చదవకు. నేను చదువుతాను" అన్నాను.

"మామయ్యగారి సంగతో?"

"అది ఇంటి సంగతి."

జనవరి 10, శనివారం

బడి పెద్ద హాలు. అరవై మంది పైనే ఉన్నారు. కోడలు కార్డులన్నీ వరసగా చదివింది. కర్ర నీడ కాగితం మొదటి నంబరైంది. దీపం, బంతి రెండోది. నేను మెచ్చిన రెండూ పైకి రావడం చూసి, కోడలు నా మెప్పు కోసం ఏదైనా చేసిందేమోనని కార్డులు అడిగి తీసుకుని చూశాను. చెయ్యలేదు. పిల్లలే రాశారు, "దొరికింది, దొరికింది, దొరికింది, మళ్లీ చెయ్యొచ్చా" అని.

పెద్దమాస్టారు లేచి, "ఇక మన బడికి గర్వకారణమైన పుస్తకం" అని మొదలుపెట్టారు. ఆయన్ని కూర్చోమన్నాను. కూర్చున్నారు, పాత అలవాటు. కార్డు అక్షరం వదలకుండా చదివాను. "ఆకాశమే తప్పయి ఉండాలి" అన్నచోట హాలంతా నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను.

"పటం తిరగబడింది. సరిచూశానని సంతకం పెట్టింది నేను. చూడలేదు. ఈ పుస్తకాన్ని జాబితాలో పెట్టొద్దు" అన్నాను.

వెనక వరసలోంచి ఒక నడివయసు టీచరు లేచాడు.

"మా బళ్లో ఏటా పిల్లలకి ఈ పటమే ఇచ్చి మేడెక్కిస్తామండీ."

"కనబడేవా?"

"లేదండీ. మా వైపు దుమ్మెక్కువ, అందుకని కనబడవురా అని చెప్పేవాణ్ణి."

"నేను వీధి దీపాలనేదాన్నండీ" అని ఇంకొకావిడ.

"నేనైతే నాకే చూపు ఆనడం లేదనుకున్నా మేడం. అద్దాలు మార్పించుకున్నా" అని ఇంకొకాయన. ఆ మాటకి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంతమంది, ఇన్నేళ్లు, ఎవరూ పుస్తకాన్ని అనుమానించలేదు. అందరినీ అన్నిటినీ అనుమానించే దాన్ని, నేనూ దాన్నొక్కదాన్నే వదిలేశాను.

సరైన పటాన్ని దాని మీద అతికిద్దామని ఎవరో అన్నారు. పాతది కిందే ఉంటుంది, ఎండకి జిగురూడితే మళ్లీ పైకొస్తుంది, వద్దన్నాను. ఆ చోటు ఇరవై ఒకటో నంబరుకి ఇచ్చాం. పిల్లలు గుండ్రటి అట్ట తిప్పితే నెల నెలకీ ఆకాశం మారి కనిపించేది, తూర్పు ఎడమచేతివైపే ఉంది, నేనే స్వయంగా మూడుసార్లు చూశాను. జాబితా అడుగున ఒక్క వాక్యం నా చేత రాయించారు: "'మేడెక్కి చూద్దాం' పుస్తకం ఉన్న బళ్లు తొమ్మిదో పేజీ చింపివేయవలెను." కింద నా పేరు. ఇన్నేళ్ల తర్వాత అచ్చు కాబోతున్న నా రచన ఇదే.

ఇంటికొచ్చేసరికి ఈయన గుమ్మంలోనే ఉన్నారు.

"ఏమన్నారు?"

"మీ పేరు చెప్పలేదు."

"చెప్పాల్సింది" అన్నారు. వారం రోజుల తర్వాత మా మధ్య ఇవే మొదటి మాటలు.

జనవరి 13

మా బడి లైబ్రరీ నుంచే మొదలుపెడదామని వెళ్లాను. వద్దన్నా ఈయన వెంటొచ్చారు, జేబులో స్టీలు స్కేలు పెట్టుకుని. పేజీ చింపితే అంచు వంకర పోకూడదట.

లైబ్రేరియన్ చిన్నపిల్ల, కొత్తగా చేరింది. రూలంటే రూలు. "చింపడానికి వీల్లేదండీ. చింపితే పాడైన పుస్తకాల రిజిస్టరులో రాయాలి. ఎవరు పాడుచేశారు, ఎందుకు, సంతకం."

"రాస్తాను, తే అమ్మా" అన్నాను.

ఈయన స్కేలు ఆనించి, ఆస్తి హద్దు గీసినంత శ్రద్ధగా తొమ్మిదో పేజీ లాగేశారు. నేను రిజిస్టరులో నా పేరు రాశాను. కారణం అన్న గడిలో "పటం తప్పు. సరిచూశానన్నాను, చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఈయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, అదే గడిలో మిగిలిన కాస్త జాగాలో పటాల మీద రాసే చిన్న గుండ్రటి అక్షరాలతో "తిప్పింది నేను" అని రాసి, ఆయనా సంతకం పెట్టారు.

లైబ్రేరియన్ రెండూ చదివింది. తల గోక్కుంది.

"ఒక పుస్తకానికి ఒక్కరి పేరే రాయాలండీ. ఇద్దరికి చోటుండదు."

"పట్టింది కదమ్మా, చూడు. ఉన్న చోట్లోనే సర్దుకోవడం మాకు నలభై ఆరేళ్ల అలవాటు" అన్నాను.